చిన్నికృష్ణుడి బొమ్మ ఊడదీసిన పెట్టె

మా ఆసుపత్రిలో ప్రతి కంప్యూటర్‌కూ ఒక దేవుడు ఉండేవాడు. రిసెప్షన్‌లో ఉన్న పెట్టెకు వెంకటేశ్వరస్వామి, ల్యాబులో ఉన్నదానికి ఆంజనేయుడు, బిల్లుల కౌంటర్‌కు లక్ష్మీదేవి. మందుల షాపులో కూర్చునే అతను ముస్లిం కాబట్టి అతని పెట్టెకు నెలవంక, నక్షత్రం ఉన్న ఆకుపచ్చ స్టిక్కరు. వీటిని ఎవరు తెచ్చి అంటించేవారో ఎవరూ చెప్పలేరు. కొత్త కంప్యూటర్ రాగానే టెంకాయ కొట్టేవాళ్లం, కుంకుమ పెట్టేవాళ్లం, ఆ వారంలోపే దానికి ఒక దేవుడు వచ్చి చేరేవాడు. ఇక ఆయుధ పూజ రోజయితే అన్నిటికీ ఒకేసారి పసుపూ కుంకుమా. కీబోర్డు సందుల్లోకి దిగిన ఆ కుంకుమను మళ్లీ ఆయుధ పూజ దాకా నేను బ్రష్షుతో దులుపుతూ ఉండేవాణ్ణి.

ఇది నంద్యాలలో ఒక నర్సింగ్ హోమ్ సంగతి. పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. నేను అక్కడ రికార్డు గుమాస్తాగా చేరి కంప్యూటర్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. మధ్యలో చదివిన పెద్ద చదువేమీ లేదు. మొదటి కంప్యూటర్ వచ్చిన రోజు టైపు తెలిసినవాడు నేనొక్కణ్ణే కనబడ్డాను. "నువ్వు చూసుకో" అన్నారు. చూసుకుంటూ చూసుకుంటూ నేర్చుకున్నాను. కంప్యూటర్ సెక్షన్ అని తలుపు మీద బోర్డు ఉండేది గానీ, సెక్షన్ అంటే నేను, ఒక స్టూలు, ఒక స్క్రూడ్రైవరు, అంతే.

మొన్న మా వీధిలో ఒకబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ అమ్మేస్తూ, "అంతా డిలీట్ చేసినా పెదనాయనా" అన్నాడు. ఆ మాట వింటే నాకు నవ్వొస్తుంది. ఎందుకొస్తుందో మీ ఈడు పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను. పాఠం చెబుతున్నానని భయపడకండి. నా దగ్గర ఉన్నది ఒక సంఘటన మాత్రమే, అందులో నేను పెద్ద వీరుణ్ణి కూడా కాదు.

ఆ నర్సింగ్ హోమ్ నడిపేది ఒక పెద్ద డాక్టరమ్మ. కాన్పులు ఎన్ని చేసిందో లెక్కలేదు. అయితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆమె దగ్గరికి కాన్పులకే కాదు, కాన్పు కోసం మొక్కుకుని మొక్కుకుని విసిగిపోయినవాళ్లూ వచ్చేవాళ్లు. వాళ్లతో ఆమె విడిగా ఒక గదిలో మాట్లాడేది. మేము దాన్ని కౌన్సెలింగ్ రూము అనేవాళ్లం. తలుపు వేస్తే లోపలి మాట బయటికి వినిపించని గది ఆసుపత్రి మొత్తంలో అదొక్కటే. మొగుడూ పెళ్లాలు చెప్పేవి ఆమే స్వయంగా కంప్యూటర్‌లో కొట్టుకునేది. టైపు చాలా నిదానం. అయినా ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. ఆ పెట్టెకు చేతిలో వెన్నముద్దతో పాకుతున్న చిన్నికృష్ణుడి బొమ్మ ఉండేది. గుండ్రటి బొమ్మ. ఆ గదికి సరిపోయే దేవుణ్ణే చూసి పెట్టారు ఎవరో.

ఒక ఏడాది కంప్యూటర్లన్నీ మార్చాలని నిర్ణయమైంది. అప్పటి మేనేజరు డాక్టరమ్మ అల్లుడు, గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు, హడావిడి మనిషి. కొత్తవి లోపలికి వస్తున్న రోజే పాతవి బయటికి పోవాలని పట్టుబట్టాడు. వాటిని అట్లాగే మూల పడేస్తే ఎలుకలు కాపురం పెడతాయన్నది అతని బాధ. సరేనని నేను ఒక్కోదాన్ని ముందు వేసుకుని కూర్చున్నాను. లోపల ఉన్నవన్నీ కొత్తవాటిలోకి ఎక్కించాను, తర్వాత పాతదాన్ని ఫార్మాట్ కొట్టాను. శ్రద్ధగానే చేశాను. ఒక్క కౌన్సెలింగ్ రూము పెట్టె మాత్రం అంతకు ముందే చెడిపోయి ఆన్ కావడం మానేసింది. దానిలోని ఫైళ్ల నకలు వేరేచోట భద్రంగా ఉంది కాబట్టి, చచ్చినదాన్ని మళ్లీ చంపడమెందుకని దాన్ని అట్లాగే వదిలేశాను.

ఆ రోజు మేమందరం కలిసి ఎంతో జాగ్రత్తగా చేసిన పని వేరే ఉంది. దేవుళ్లను ఊడదీయడం. మా ఆసుపత్రి ఊడ్చి తుడిచే ఆయమ్మ ఒకామె ఉండేది. నా కంటే పెద్దది, నన్ను నాయనా అని పిలిచేది. పెట్టెలు ఆటోకు ఎక్కుతున్నాయనగా చీపురు పక్కన పడేసి అడ్డం నిలబడింది.

"దేవుళ్లను గుజరీకి ఏస్తారా? కండ్లు పోతాయి నాయనా, అందురివీ పోతాయి!"

గుజరీ అంటే మా వైపు పాత సామాన్లు కొనే అంగడి. ఆమె మాటకు మేనేజరు కూడా తగ్గాడు. వేడినీళ్లు వచ్చాయి, కొబ్బరినూనె వచ్చింది. ఆయమ్మ గోటితో మెల్లగా గోకుతూ ఒక్కో స్టిక్కరూ చిరగకుండా తీసింది. నర్సులు పసుపు గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. ఆకుపచ్చ స్టిక్కరును మందుల షాపతను విడిగా జేబులో పెట్టుకున్నాడు. మిగతా దేవుళ్లను మూట కట్టి సాయంత్రం కుందూ నదిలో కలిపి వచ్చింది ఆయమ్మ. అందరికీ మనసు నిమ్మళించింది. అట్లా మేము దేవుళ్లను భక్తిగా నీళ్లలో కలిపి, మనుషుల్ని ఆటోలో వేసి గుజరీకి పంపించాం. ఆ మాట నాకు మర్నాటిదాకా తట్టలేదు.

మర్నాడు పొద్దున నేను కొత్త పెట్టెలకు తీగలు తగిలిస్తుంటే మా నర్సు ఒకామె గుమ్మంలో వచ్చి నిలబడింది. పనిలో చాలా చురుకైన మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. ఆ రోజు నవ్వు లేదు.

"అన్నా, కౌన్సెలింగ్ రూములో పాత పెట్టె యాడికి పోయింది?"

"గుజరీకి పోయిందిమ్మా, నిన్ననే."

"దాంట్లోవన్నీ తీసేసినావా?"

"అది ఆన్ గాదు గదమ్మా. సచ్చిపోయి శానా దినాలాయె. దాంట్లో ఇంగ ఏముంటాది?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, అంతకంటే చెడ్డది, దిగులు.

"బీరువా తాళంచెవి పోతే లోపల సామాను యాడికి పోతాదన్నా? ఆడనే ఉంటాది గదా."

చేతిలో తీగ కింద పెట్టేశాను. ఆమె తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది. ఇక్కడ ఉద్యోగంలో చేరకముందు ఆమె ఇదే డాక్టరమ్మ దగ్గర పేషెంటు. భర్తతో కలిసి ఆ గదిలోనే కూర్చుని మాట్లాడింది. వాళ్లిద్దరూ చెప్పినదంతా ఆ పెట్టెలోనే ఉంది.

"అది మా ఇంట్లో తెల్దన్నా. నాకు తెల్సు, మా ఆయనకు తెల్సు, డాక్టరమ్మకు తెల్సు. మా అత్తకు తెలిసిందంటే నేనా ఇంట్లో ఉండను, మా ఆయనా ఉండడు. మా పాపను సూసి ఎవురేమంటారో..."

ఇంకా చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దమ్మా, నాకు చెప్పాకు. నేను పోయి తెస్తా" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. ఆ ఫైల్లో ఏముందో ఆ రోజు అడగలేదు, ఈరోజుకూ నాకు తెలియదు. తెలిసిందల్లా ఒక ఇల్లు నిలబడాలంటే ఆ పెట్టె దొరకాలి, ఎవరూ తెరవకముందే దొరకాలి.

డాక్టరమ్మకు చెప్పక తప్పలేదు. నర్సు మాట ఎత్తకుండా, పెట్టె ఫార్మాట్ కాకుండా పోయిందని మాత్రం చెప్పాను. పక్కనే ఉన్న మేనేజరు, "పాత సామాన్లవాడికి అవన్నీ ఏం అర్థమవుతాయండీ, విప్పి ఇనుము తీసుకుంటాడు, అంతే" అని సర్దిచెప్పబోయాడు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. ఆమె కేకలేస్తే మాకు భయం ఉండేది కాదు. కళ్లజోడు తీస్తేనే భయం.

"తల్లికి చెప్పనివి, అత్తకు చెప్పనివి నాకు చెప్పినారప్పా వాళ్లు. నన్ను నమ్మి చెప్పినారు, నీ పెట్టెను నమ్మి కాదు. పోయి తీసుకురా."

నేను ఆయమ్మను వెంటబెట్టుకుని గుజరీకి పరుగెత్తాను. ఆయమ్మ ఎందుకంటే, మా పెట్టెల్ని మోసి ఆటోకెక్కించింది ఆమే. గుజరీ భాయ్‌ది పాత బజారులో ఒక సందు చివర అంగడి. సరదా మనిషి. మేము వచ్చిన పని చెప్పగానే నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం సార్, నిన్న ఇచ్చి ఈ పొద్దు మల్ల ఎత్తకపోతామంటారు? నాది అంగడా, బ్యాంకు లాకరా?"

లోపలికి పోయి చూశాను. ఏదో కాలేజీవి, ఏదో ఆఫీసువి, మావి, అన్నీ ఒకే కుప్ప. అన్నీ ఒకే రకం పెట్టెలు, అన్నిటి మీదా ఒకే దుమ్ము. ఏది ఎవరిదో చెప్పడానికి నా కంప్యూటర్ జ్ఞానం చిల్లిగవ్వకు పనికిరాలేదు. అప్పుడు ఆయమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని కుప్పలోకి దిగింది. ఒక్కో పెట్టెనూ వెలుతురుకు తిప్పి చూడసాగింది. స్టిక్కరు ఊడిన చోట పెట్టె శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. చుట్టూ మాత్రం ఏళ్ల మురికి.

"ఇదిగో నాయనా, ఇది ఆంజనేయసామి. తోక కాడ అంటుకోని రాకపోతే గోకినా, సూడు గీతలు. ఇది లక్ష్మమ్మ. ఇదేందీ... ఇది మనది కాదు, ఎవురో సినిమా ఆయప్పను అంటించుకున్న్యారు."

అట్లా మా దేవుళ్లు లేని ఖాళీ జాగాలను పట్టుకుని మా పెట్టెల్ని ఒక పక్కన పేర్చాం. చదరం మచ్చలు, పొడుగు మచ్చలు అన్నీ వచ్చాయి. గుండ్రటి మచ్చ రాలేదు. మళ్లీ వెతికాం, రాలేదు.

"గుండ్రం మచ్చదా? అది పోయింది సార్" అన్నాడు భాయ్ తాపీగా. "పొద్దున్నే ఆళ్లగడ్డ శిల్పొకాయన వచ్చి ఎత్తకపాయె."

"అది పని చెయ్యదు గదా భాయ్!"

"ఎందుకు చెయ్యదు? లోపల పవర్ సప్లై ఒక్కటే కాలిపోయుండె. ఇంగోదాంట్లోది తీసి ఏసినా. ఠక్కున లేసింది!"

తన పనితనానికి మేము మెచ్చుకుంటామని పాపం అతను ఎదురుచూశాడు. నా ముఖం చూసి అతనికి ఏదో అర్థమైంది. ఆసుపత్రి పెట్టె అని అతనికి తెలుసు కదా. గొంతు మార్చి, శిల్పి అంగడి గుర్తులు చెప్పాడు. హైవే పక్కనే, ముందర రాతి ఏనుగు నిలబెట్టి ఉంటుంది. "మీ తక్కినవి నేను పక్కన పెడతా సార్, ఎవురికీ ఇయ్యను. దుడ్ల సంగతి తర్వాత సూసుకుందాం. మీరు బేగా పోండి" అన్నాడు. ఆ మాటకు అతనికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

నర్సుకు ఫోన్ చేసి ఆళ్లగడ్డ అని చెప్పాను. మెల్లగా, "మా అత్తోళ్లది ఆ ఊరే అన్నా" అంది. తానూ వస్తానంది. వద్దన్నాను. పని ఉన్న రోజు కోడలు ఊళ్లో ఎందుకు తిరుగుతోందని అడగడానికి ఎంతమంది ఉంటారో ఆమెకూ తెలుసు. డాక్టరమ్మ కారు తీసుకుపొమ్మంది, అదీ వద్దన్నాను. కారు అద్దం మీద ఆసుపత్రి పేరు ఇంత పెద్ద అక్షరాలతో ఉంటుంది. రాతి బొమ్మల అంగడి ముందు ఆ కారు ఆగితే, ఆళ్లగడ్డలో మధ్యాహ్నానికి దానికొక కథ పుడుతుంది. బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచించాను. అబద్ధాలు చెప్పే అలవాటు లేనివాడికి అది చాలా కష్టమైన పని. చెప్పాలనుకున్నది నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఏనుగు దొరికింది. దాని వెనక రేకుల షెడ్డు, గ్రైండర్ల మోత, గాలిలో తెల్లటి పొడి. ఆ పొడిలోంచి ఒక మనిషి లేచి వచ్చాడు. ముఖమంతా తెలుపు, కనురెప్పల మీద కూడా రాతిపొడి.

"ఏం గావాల? దేవుడా, ద్వారపాలకులా?"

"కంప్యూటర్ కోసం వచ్చినానన్నా. పొద్దున మీరు నంద్యాలలో కొన్నది. అది మా ఆసుపత్రిది, పొరబాటున వచ్చేసింది."

బస్సులో అల్లుకున్న అబద్ధం ఎటుపోయిందో, నోట్లోంచి నిజమే వచ్చింది.

"పొరబాటు మీది. దుడ్లు నావి" అన్నాడాయన. అయినా లోపలికి రమ్మన్నాడు. చిన్న గదిలో బల్ల మీద మా పెట్టె. అప్పటికే టెంకాయ కొట్టేశాడు, కుంకుమ పెట్టేశాడు. చిన్నికృష్ణుడు ఊడిన ఆ గుండ్రటి మచ్చ మీదే కొలిచి పెట్టినట్టు ఒక వినాయకుణ్ణి కూడా అంటించేశాడు. అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

తెర వెలుగుతోంది. దాని మీద ఆయన ఫోన్లోంచి ఎక్కించిన విగ్రహాల ఫోటోలు. వాటి కింద, మూలగా, మా ఫోల్డరు. డాక్టరమ్మ పెట్టుకున్న పేరుతో అట్లాగే ఉంది.

"దీంట్లో ఇంతకు ముందు ఉన్నవేమన్నా సూసినారా?"

"సూసినా." ఆయన దాచలేదు. "ఏందో అని ఒకటి తెరిచినా. మొగుని పేరు, పెండ్లాం పేరు, వయసులు... సగం సదివి మూసినా. మంది పడకింటి కిటికీలో తొంగిచూసినట్టాయె నాకు. మనకెందుకప్పా."

ఎవరిది చదివారని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ అడగాలంటే నేనొక పేరు చెప్పాలి. ఆమె అత్తగారి ఊళ్లో, ఆమె పేరు నా నోట్లోంచి వస్తే ఇక దాచడానికి మిగిలేదేముంది? ఊరుకున్నాను. నా ముఖంలో ఏం కనబడిందో ఆయనే అన్నాడు:

"ఎవురిదో గెవనం ల్యా. గెవనం పెట్టుకునే పని గూడా ల్యా. పా, నీకొకటి సూపిస్తా."

గెవనం అంటే మా వైపు జ్ఞాపకం. షెడ్డు వెనక రాతి ముక్కల మధ్య ఒక అమ్మవారి విగ్రహం పడుకోబెట్టి ఉంది. నిలువెత్తు విగ్రహం. చీర కుచ్చెళ్లు, గాజులు, కాలి మెట్టెలు, అన్నీ ఎంతో ఓపికగా చెక్కినవి. ముఖం మాత్రం లేదు. ఉండాల్సిన చోట చదునుగా చెక్కేసి ఉంది.

"పని అయిపోవస్తాందనంగా బుజం కాడ చీలింది. చీలిన బొమ్మ పూజకు పనికిరాదు. ఊరికే పారేసినామనుకో, ఎవురో ఒకరు ఎత్తకపోయి యాడనో నిలబెట్టి బొట్టు పెడతారు. అందుకని ముందు మొగం తీసేస్తా. మా నాయన అట్లనే జేస్తాండె. మొగం పోతే ఇంగది రాయి. మెట్టుకేసుకున్న్యా, గోడకేసుకున్న్యా ఎవురికీ ఏం గాదు."

నేను అక్కడ నిలబడి మా వేడినీళ్లు, కొబ్బరినూనె, కుందూ నది సంగతంతా చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడాయన. రెప్పల మీది పొడి రాలేలా నవ్వాడు. నేనూ నవ్వాను. పొద్దున్నించీ అదే మొదటి నవ్వు.

నవ్వు నవ్వే, బేరం బేరమే. పెట్టె ఇవ్వనన్నాడు. మర్నాడు బళ్లారి వైపు నుంచి గుడి కట్టేవాళ్లు వస్తున్నారు, వాళ్లకు ఫోటోలు చూపించాలి. "అయితే తెర ఎత్తకపో. పేర్లన్నీ దాంట్లోనేగా కనపడింది" అన్నాడు ఉదారంగా. తెరకేం తెలియదు, అంతా లోపల ఉండే చిన్న డబ్బాలో ఉంటుంది, దాన్ని హార్డ్ డిస్క్ అంటారని విప్పి చూపించాను. "ఇంత దానికా ఇంత గోల!" అన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. నేను కొత్త డిస్క్ తెచ్చి వెయ్యాలి, ఆయన బొమ్మలు ఒక్కటి కూడా పోకూడదు. ఆ తర్వాత పాత డిస్కు నాది.

బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ అంగడిలో డిస్క్ దొరికింది. వచ్చి కూర్చుని పని మొదలుపెట్టాను. ఆయన ఇంటి నుంచి సజ్జరొట్టె, బుడ్డల చట్నీ, అంటే వేరుశనగ చట్నీ, తెప్పించి నా ముందు పెట్టాడు. ఒక చేత్తో తింటూ, ఒక చేత్తో దేవుళ్లను ఒక్కొక్కరినే కొత్త డిస్కులోకి దింపాను. మళ్లీ దేవుళ్లే ముందు. కానీ ఈసారి మనుషుల్ని వదిలిపెట్టే ఉద్దేశం లేదు.

పాత డిస్కును ఆయన ఒక నల్లరాతి పలక మీద పెట్టాడు. దాని మూతకు నక్షత్రం ఆకారం మరలుంటాయి, నా స్క్రూడ్రైవరు పట్టలేదు. ఆయన ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మూత లేచిపోయింది. లోపల గుండ్రటి బిళ్ల, అద్దంలా తళతళలాడుతోంది. ఆయన వంగి చూస్తే తెల్లటి ముఖం అందులో కనబడింది.

"అబ్బా! ఎంత నున్నగా పాలీషు పట్టినాడప్పా ఎవుడో! మా రాయికి ఇంత మెరుపు రాదు. దీన్ని ఇంట్లో అద్దం మాదిరి పెట్టుకోనా?"

"వద్దన్నా," అన్నాను. "దానికింగా మొగం ఉండాది."

ఆయన నా వైపు చూసి, తలాడించి, గ్రైండరు ఆన్ చేశాడు. చూస్తుండగానే ఆ మెరుపు పోయి బిళ్ల బూడిద రంగుకు తిరిగింది. రెండో వైపు కూడా తిప్పి అరగదీశాడు. తర్వాత రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లు తీసుకుని అటూ ఇటూ నాలుగు తూట్లు పొడిచాడు. అలవాటు కొద్దీ దాని మీద ఇన్ని నీళ్లు చల్లి, చేత్తో తుడిచి, నా చేతికిచ్చాడు.

"ఇంగ ఇది రాయి" అన్నాడు.

బస్టాండు నుంచి నర్సుకు ఫోన్ చేశాను. "పనయిపోయిందిమ్మా. నా సంచీలో ఉండాది. ఇంగ దాన్నెవురూ సదవలేరు, ఆ బ్రహ్మ గూడా సదవలేడు" అన్నాను. అవతల ఏడుస్తోందేమో అనుకున్నాను. తర్వాత ముక్కు ఎగబీల్చి, మామూలు గొంతుతో, "అన్నం తిన్న్యావా అన్నా?" అని అడిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. బస్టాండులో జనం మధ్య నిలబడి, చిల్లులు పడిన ఇనుప ముక్క సంచీలో పెట్టుకుని ఏడ్చాను. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

దాంతో అయిపోయిందనుకున్నాను గానీ, ఆ వారమే కర్నూలు నుంచి కొత్త కంప్యూటర్లు చూడటానికి వచ్చిన ఇంజనీరు ఒకాయన నా గాలి తీశాడు. భాయ్ దగ్గర నుంచి తెప్పించుకున్న మా పాత డిస్కుల్లో ఒకదాన్ని, నేను శ్రద్ధగా ఫార్మాట్ కొట్టినదాన్నే, ఏదో ప్రోగ్రాముకు తగిలించి టీ తాగుతూ కూర్చున్నాడు. టీ అయిపోయేలోపు అందులోంచి మా పాత బిల్లులు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. ఫార్మాట్ కొట్టినా, డిలీట్ చేసినా చాలాసార్లు పోయేది దారి చూపించే బోర్డేనట, ఇల్లు అక్కడే ఉంటుందట. పూర్తిగా తుడిచేసే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి, ఆయనే నేర్పించాడు. కానీ నాకు అప్పటికే గ్రైండరు మీద గురి కుదిరింది. భాయ్ దగ్గర పక్కన పెట్టించిన పెట్టెల్లోంచి డిస్కులన్నీ విప్పి, గోనెసంచిలో వేసుకుని మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అదే తర్వాత మా ఆసుపత్రికి ఆచారమైపోయింది. పాత డిస్కులు ఎప్పుడు పోగైతే అప్పుడు ఆళ్లగడ్డ. ఆడిటరు ఒకసారి ధ్వంసం చేసినట్టు రుజువు అడిగాడు. మేనేజరు కంగారుపడ్డాడు. శిల్పిని అడిగితే తన బిల్లు కాగితం మీదే రాసిచ్చాడు. పైన వినాయకుడి బొమ్మ, దాని కింద "దేవతా విగ్రహములు, ధ్వజస్తంభములు, రోళ్లు, తిరగళ్లు చేయబడును" అని అచ్చు. ఆ కింద ఆయన చేతిరాత: "ఆసుపత్రి వారి డిస్కులకు ముఖములు తీయడమైనది." ఆడిటరు దాన్ని చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, గుచ్చి ఫైల్లో పెట్టేసుకున్నాడు.

ఆయమ్మ తన పని మానలేదు. పాత పెట్టె బయటికి పోతోందంటే వేడినీళ్లతో వచ్చేసేది. కాకపోతే వరుస మార్చింది. నేను స్క్రూడ్రైవరు తీసుకునేదాకా గుమ్మంలోనే నిలబడేది. "ముందు నువ్వు మనుసుల్ని తియ్యి నాయనా. దేవుణ్ణి నేను నిదానంగా తీస్తాలే, ఆయనకేం తొందర" అనేది. మీరు మీ ఫోన్లు అమ్మేటప్పుడు, ల్యాప్‌టాప్‌లు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆమె చెప్పిన ఆ వరుస ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఆన్ కానిదాన్ని ఇంకొంచెం ఎక్కువ అనుమానించండి.

ఇంత చెప్పాక ఒక సంగతి. ఆమె నర్సు అని రాశాను. నర్సే అయి ఉండాలని లేదు. అత్తగారిది ఆళ్లగడ్డ అన్నాను. బస్సులు ఆగే ఊళ్లు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి, దొర్నిపాడు కావచ్చు, ఇంకొకటి కావచ్చు. పాప అన్నాను, బాబు కావచ్చు. ఆ గదిలో వాళ్లు డాక్టరమ్మతో మాట్లాడింది పిల్లల సంగతే కాకపోవచ్చు కూడా. గుజరీ భాయ్, ఆయమ్మ, శిల్పి, సజ్జరొట్టె మాత్రం నిజం. తక్కినదంతా అక్కడక్కడా ఉలి పెట్టి చెక్కాను.

అయినా భయం పోక, అచ్చుకు పంపేముందు ఈ కాగితాలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మధ్యలో రెండు చోట్ల నవ్వింది. ఒక చోట ఆగి, మళ్లీ చదివింది. తర్వాత కాగితాలు సరిగ్గా మడిచి నా చేతికిచ్చింది.

"పాపం, ఎవురన్నా ఈ యమ్మ?"

"ఎవురోమ్మా" అన్నాను. "మొగం గెవనం ల్యా."

ఆమె పెద్దగా నవ్వి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.